ల్యాబ్, ఆఫీసు కలిపి కట్టే భవనం నిజంగా గ్రీన్ కావాలంటే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: హైదరాబాద్ నాచారంలో పాత షెడ్డు తీసేసి సుమారు లక్ష చదరపు అడుగుల భవనం కడుతున్నారు. గ్రౌండ్ ప్లస్ ఐదు, కింద రెండు సెల్లార్లు. కింది మూడు అంతస్తుల్లో కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబులు, పై మూడింట్లో ఆఫీసు. ఆర్కిటెక్టు గారు నాలుగు వైపులా అద్దాల ఎలివేషన్, డాబా నిండా సోలార్, పైగా గ్రీన్ భవనాలకిచ్చే ప్లాటినం రేటింగ్ అంటున్నారు. గ్రీన్ కోసం మీ దగ్గర పరిమితమైన బడ్జెట్టే ఉంది, అది ఎక్కడ పెడితే ఫలితం కనబడుతుందని అడిగారు.

సూటిగా చెబుతాను. గాలి మీద పెట్టండి. ల్యాబుల్లోకి ఎంత గాలి పంపాలి, ఎంత బయటికి తోడాలి, రాత్రిపూట దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు అన్న మూడు విషయాలు తేలాకే మిగతావన్నీ. సోలార్ చివర్లో చూసుకోవచ్చు. అద్దాలు తగ్గిస్తే ఖర్చు లేకపోగా డబ్బే మిగులుతుంది. సెల్లార్లు ఒకటికి తగ్గించగలిగితే ఇంకా మిగులుతుంది.

నేను చేసేది ల్యాబులకు, ఫార్మా ఆర్ అండ్ డీ భవనాలకు ఏసీ, వెంటిలేషన్ డిజైన్. కాబట్టి గాలి గురించి ఎక్కువ చెబుతాననుకోవచ్చు, కానీ ముందు లెక్క చూడండి.

వెయ్యి చదరపు అడుగుల ఆఫీసు గదికి హైదరాబాద్‌లో మూడు, నాలుగు టన్నుల ఏసీ సరిపోతుంది. ఎందుకంటే చల్లబడ్డ గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది, బయటి గాలి కాస్త కలుస్తుంది, అంతే. అదే గది కెమిస్ట్రీ ల్యాబ్ అయితే ఒకసారి వాడిన గాలిని మళ్లీ లోపలికి తీసుకోకూడదు, మొత్తం బయటికే పోవాలి. పది అడుగుల సీలింగ్, గంటకు పది సార్లు గాలి మార్పు అనుకుంటే దాదాపు 1,670 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి). జూలై, ఆగస్టుల్లో ఆ తడి గాలిని 12, 13 డిగ్రీల దాకా చల్లార్చి తేమ తియ్యడానికే పది టన్నులు కావాలి. మనుషులు, లైట్లు, మిషన్ల వేడి ఇంకా ఇందులో కలపలేదు. ఇది ఇరవై నాలుగు గంటలూ నడిచే లోడు. ఆఫీసు ఏసీ ఆరింటికి ఆగిపోతుంది, ల్యాబ్ ఏసీ ఆగదు.

ఇప్పుడు సోలార్ చూద్దాం. లక్ష చదరపు అడుగులు ఆరు అంతస్తుల్లో అంటే డాబా సుమారు 16,600 చదరపు అడుగులు. ల్యాబ్ భవనం డాబా మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, చిమ్నీలు, కూలింగ్ టవర్లు, ట్యాంకులు పోను సగం మిగిలితే గొప్ప. అందులో 75, 80 కిలోవాట్ల ప్యానెళ్లు పడతాయి. కిలోవాటుకు ఏడాదికి 1,400 నుంచి 1,500 యూనిట్ల చొప్పున లక్షా పది, లక్షా ఇరవై వేల యూనిట్లు వస్తాయి. సగం ల్యాబ్, సగం ఆఫీసు ఉన్న మీలాంటి భవనం, మామూలు పద్ధతిలో కడితే, ఏడాదికి ఇరవై లక్షల యూనిట్లు దాటడం విశేషమేమీ కాదు. అంటే డాబా నింపేసినా ఐదారు శాతమే. సోలార్ పెట్టొద్దని అనను, పెట్టండి. కానీ అది గ్రీన్‌కి మొదలు అనుకుంటే చిల్లు కుండకు రంగు వేసినట్టే.

ముందు తేల్చుకోవాల్సింది: నిజంగా ల్యాబ్ ఎంత?

సైంటిస్టులను కూర్చోబెట్టి అడగండి. ల్యాబ్ అని గీసిన విస్తీర్ణంలో రాసుకునే బల్లలు, కంప్యూటర్లు, సామాను అరలు, ఫ్రీజర్లు, చర్చలకు కూర్చునే చోటు ఎంత ఉందో లెక్క తీయండి. నేను చూసిన చాలా డ్రాయింగుల్లో "ల్యాబ్" అన్నదాంట్లో పెద్ద భాగానికి వంద శాతం బయటి గాలి అక్కర్లేదు. రాసుకునే బల్లలను అద్దం గోడ అవతల ఆఫీసు గాలిలోకి తెస్తే ఆ మేరకు లోడు శాశ్వతంగా పోతుంది. మనుషులకూ మంచిది. రోజంతా సాల్వెంట్ వాసనలో కూర్చుని రిపోర్టు రాయాల్సిన పని తప్పుతుంది.

రెండోది అంతస్తుల అమరిక. కింద ల్యాబులు, పైన ఆఫీసు అనగానే నాకు కనబడేది షాఫ్టులే, అంటే డక్టులు నిలువుగా పోవడానికి వదిలే ఖాళీలు. కింది మూడు అంతస్తుల ఎగ్జాస్ట్ డక్టులన్నీ పైన ఆఫీసు ఫ్లోర్లను చీల్చుకుంటూ డాబా చేరాలి. అమ్ముకోవచ్చో, అద్దెకు ఇవ్వచ్చో అనుకున్న ఆఫీసు జాగా షాఫ్టులకు పోతుంది. డక్టు పొడవు పెరిగిన కొద్దీ ఫ్యాన్ కరెంటూ పెరుగుతుంది. రెండు దారులున్నాయి.

ఒకటి, తలకిందులు చేయడం: కెమిస్ట్రీ పైన, ఆఫీసు మధ్యలో, మైక్రోస్కోపులు, బ్యాలెన్సులు ఉండే గదులు నేల మీద. డక్టులు పొట్టివవుతాయి. కానీ పై అంతస్తులకు వెళ్లే కొద్దీ ల్యాబులో ఉంచదగ్గ సాల్వెంట్ పరిమాణం తగ్గాలన్నది ల్యాబుల అగ్నిమాపక ప్రమాణాల మూలసూత్రం. ఫైర్ వాళ్లు దాని గురించి తప్పకుండా అడుగుతారు. సాల్వెంట్ స్టోర్ భవనానికి బయట, నేల మీద, విడిగా ఉండాల్సిందే. రోజు వాడకానికి సరిపడా మాత్రమే పైకి వెళ్లాలి.

రెండోది, నాకు ఎక్కువ నచ్చేది: నిలువుగా చీల్చడం. ప్రతి అంతస్తులో ఒక వైపు ల్యాబులు, ఒక వైపు ఆఫీసు, మధ్యలో లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు. ల్యాబ్ వైపు వెనకాల ఒకే చోట షాఫ్టులు. సైంటిస్టు తన బల్ల నుంచి ల్యాబుకు లిఫ్టు ఎక్కకుండా నడిచి వెళ్తాడు. ఇబ్బంది ఒక్కటే, ఫ్లోర్ ఎత్తు. ల్యాబుకు నాలుగున్నర మీటర్లు కావాలి, ఆఫీసుకు మూడు మీటర్ల అరవై సెంటీమీటర్లు చాలు. నిలువుగా చీలిస్తే ఆఫీసు వైపు కూడా ఆ ఎత్తే ఇవ్వాలి, కొంత కాంక్రీటు అదనం. అయితే రేపు ఆఫీసును ల్యాబుగా మార్చాలంటే పని సులువవుతుంది. పదేళ్లకు పగలగొట్టి మళ్లీ కట్టడం కంటే ఈ అదనం చాలా తక్కువ.

ఫ్యూమ్ హుడ్‌లు

ఫ్యూమ్ హుడ్ అంటే రియాక్షన్ల ఆవిరులను బయటికి లాగేసే పెట్టె, దాని ముందు పైకీ కిందికీ జరిగే అద్దం తలుపే సాష్. ఆరడుగుల హుడ్, సాష్ పద్దెనిమిది అంగుళాలు తెరిచి, నిమిషానికి వంద అడుగుల వేగం అనుకుంటే దాదాపు 780 సీఎఫ్‌ఎమ్ లాగుతుంది. రెండు హుడ్‌లు పెడితే పైన చెప్పిన వెయ్యి అడుగుల ల్యాబ్ గాలంతా అవే తోడేస్తాయి. ఒక్కో హుడ్ అంటే నాలుగైదు టన్నుల ఏసీ అన్నమాట, అది కూడా పగలూ రాత్రీ. అందుకని హుడ్‌ల సంఖ్య మీద బేరమాడండి. హుడ్ సప్లయర్‌తో కాదు, మీ కెమిస్టులతో.

ఒక క్లయింట్ దగ్గర కెమిస్టులు అడిగినన్ని హుడ్‌లు గీశాక పాత ల్యాబుకు వెళ్లి చూశాం. దాదాపు మూడో వంతు హుడ్‌ల్లో రియాక్షన్లు లేవు, సీసాలు దాచుకున్నారు. వాసన వస్తుందని హుడ్‌లో పెట్టారు, అంతే. ఆ సీసాలకు ఎగ్జాస్ట్ కనెక్షన్ ఉన్న బీరువాలు చాలు, వాటికి లాగాల్సిన గాలి హుడ్‌తో పోలిస్తే చాలా కొద్ది. హుడ్‌ల సంఖ్య తగ్గింది, దాంతో ఏసీకి చల్లటి నీళ్లు తయారుచేసే చిల్లర్ సైజు కూడా తగ్గింది. ఎవరికీ ఏ లోటూ రాలేదు.

ఇక ఉన్న హుడ్‌లకు రెండు పనులు. వేరియబుల్ వాల్యూమ్ కంట్రోలు పెట్టండి, అంటే సాష్ దించితే గాలి తగ్గాలి. సాష్ దానంతటదే దిగే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. మనవాళ్లు సాష్ దించరు, పోస్టర్లు అంటించినా దించరు. అలాగే నిమిషానికి అరవై అడుగుల వేగంతో పనిచేసే హై పెర్ఫార్మెన్స్ హుడ్‌లు చూడండి. వాటితో గాలి నలభై శాతం తగ్గుతుంది. అయితే కేటలాగు చూసి నమ్మొద్దు. హుడ్‌లోంచి గ్యాస్ బయటికి లీకవుతోందా అని చూసే ఆష్రే 110 ట్రేసర్ గ్యాస్ పరీక్ష ఫ్యాక్టరీలో ఒకసారి, మీ ల్యాబులో బిగించాక మళ్లీ ఒకసారి చేయించుకోండి. ఏసీ గ్రిల్లు గాలి హుడ్ ముఖం మీద కొట్టినా, హుడ్ పక్కనే తలుపు ఉన్నా మంచి హుడ్ కూడా ఆ పరీక్షలో తప్పుతుంది. డక్టు లేని ఫిల్టర్ హుడ్‌లు అమ్మడానికి చాలామంది వస్తారు. వాడే కెమికల్స్ నాలుగైదే, ఎప్పుడూ అవే అయితే సరే. పరిశోధన ల్యాబులో రేపు ఏం వాడతారో ఎవరికీ తెలియదు కాబట్టి నేనైతే వద్దంటాను.

గంటకు ఎన్నిసార్లు గాలి మారాలి?

మన దగ్గర చాలా స్పెసిఫికేషన్లలో పన్నెండు, పదిహేను అని కాపీ కొట్టేస్తారు. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే పాత ప్రాజెక్టు నుంచి అంటారు. మామూలు కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబుకు ప్రమాదాన్ని అంచనా వేసి పగలు ఆరు నుంచి ఎనిమిది, ఎవరూ లేనప్పుడు నాలుగు చాలన్నది నా అనుభవం. కాలిఫోర్నియాలోని యూసీ ఇర్వైన్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన స్మార్ట్ ల్యాబ్స్ కార్యక్రమంలో గాలిలో కెమికల్స్‌ను పసిగట్టే సెన్సర్లు పెట్టి, మనుషులుంటే నాలుగు, లేకపోతే రెండు దాకా దించారు. సెన్సరుకు ఏదైనా తగిలితే వెంటనే గాలి పెరుగుతుంది. వాళ్ల ల్యాబుల కరెంటు దాదాపు సగానికి తగ్గింది. మన దగ్గర ఆ సెన్సర్లను ఏటేటా కాలిబ్రేట్ చేసే సర్వీసు దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే ఆ దారి పట్టండి. ఆ సర్వీసు లేకపోతే టైమరు, మనుషుల ఉనికిని గుర్తించే సెన్సరు చాలు.

ఇందులో జాగ్రత్త ఒకటుంది. జంతువుల గదులు, ప్రమాదకర సూక్ష్మజీవులతో పనిచేసే బీఎస్‌ఎల్-3 గదులు, విషతీవ్రత ఎక్కువున్న మందుల పొడులు తూచే గదులు ఈ లెక్కలోకి రావు. వాటికి ఉండాల్సింది ఉండాలి. అందుకే వాటిని ఒక మూలకు చేర్చి విడి ఏహెచ్‌యూ (గాలిని చల్లార్చి డక్టుల్లోకి పంపే యూనిట్) ఇవ్వండి. అలాంటి ఒక్క గది కోసం ఫ్లోరంతా పదిహేనుసార్లు తిప్పిన భవనాలు నగరంలో ఉన్నాయి.

గాలి తగ్గితే ఫ్యాన్ కరెంటు ఎలా తగ్గుతుందో చాలామందికి తెలియదు. గాలిని ఇరవై శాతం తగ్గిస్తే ఫ్యాన్ పవర్, సిద్ధాంతం ప్రకారం, సగానికి పడిపోతుంది, ఎందుకంటే అది ఘనం లెక్కలో నడుస్తుంది. వాస్తవంలో డక్టులో కొంత ప్రెషర్ నిలబెట్టాలి కాబట్టి అంత రాదు, అయినా మంచి తగ్గుదలే. అందుకే ఫ్యాన్ వేగం తగ్గించి పెంచే వీఎఫ్‌డీలతో పాటు డక్టులు, ఏహెచ్‌యూలు ఒక సైజు పెద్దవి తీసుకోండి. రేకు ఖర్చు ఒక్కసారే, ఫ్యాన్ కరెంటు జీవితాంతం.

హైదరాబాద్ వాతావరణంలో అసలు దొంగ: రీహీట్

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. గాలిలో తేమ తీయాలంటే 12 డిగ్రీల దాకా చల్లార్చాలి. కానీ హుడ్‌లు లాగుతున్నాయి కాబట్టి అంత గాలిని అంత చల్లగా గదిలోకి వదిలితే మనుషులు వణికిపోతారు. దాంతో డక్టులో ఎలక్ట్రిక్ హీటర్లు పెట్టి మళ్లీ వేడి చేస్తారు. చల్లార్చడానికి ఒకసారి, వేడి చేయడానికి ఒకసారి బిల్లు కడుతున్నామన్నమాట. నేను ఆడిట్‌కు వెళ్లిన ఒక భవనంలో మే నెలలో, బయట నలభై దాటిన ఎండలో, హీటర్లు నడుస్తున్నాయి. ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

మీ టెండర్‌లో ఎలక్ట్రిక్ రీహీటర్ అన్న మాటే లేకుండా చూసుకోండి. బదులుగా చేయదగ్గవి ఉన్నాయి. చిల్లర్ ఎలాగూ బయటికి పారేసే వేడిలో కొంత వేడినీళ్లుగా పట్టుకుని రీహీట్ కాయిల్‌కు పంపొచ్చు. లేదా ఏహెచ్‌యూలోనే కూలింగ్ కాయిల్‌కు ముందొకటి, వెనకొకటి కాయిళ్లు పెట్టి మధ్య నీళ్లు తిప్పితే ముందున్నది వచ్చే గాలి వేడి లాక్కుంటుంది, వెనకున్నది ఆ వేడిని తిరిగి ఇస్తుంది. ఒక చిన్న పంపు తప్ప కొత్త కరెంటు లేదు. వానాకాలంలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

మిషన్ల వేడి ఎక్కువుండే ల్యాబుల్లో ఇంకో దారి: బయటి గాలిని వెంటిలేషన్‌కు కావాల్సినంతే పంపి, మిషన్ల వేడిని గదిలోనే చిల్డ్ బీమ్‌లతోనో (సీలింగ్‌కు బిగించే, చల్లటి నీళ్లు తిరిగే పరికరాలు) ఫ్యాన్ కాయిల్ యూనిట్లతోనో (చల్లటి నీళ్ల కాయిల్ మీదుగా గాలి ఊదేవి) తీసేయడం. చిల్డ్ బీమ్‌లకు 15, 16 డిగ్రీల నీళ్లు చాలు, ఆ నీళ్లు తయారుచేసే చిల్లర్‌కు కరెంటు తక్కువ. కానీ ఒక చిక్కుంది. ల్యాబులు చుట్టుపక్కల కంటే తక్కువ ప్రెషర్‌లో ఉంటాయి. కిటికీ ఫ్రేముల్లో సందులుంటే వానాకాలం తడి గాలి లోపలికి పీల్చుకుంటుంది, బీమ్‌ల మీద చెమ్మ పట్టి బల్లల మీద బొట్లు పడతాయి. భవనం గాలి చొరబడనంత బిగుతుగా ఉంటుందన్న నమ్మకం ఉంటేనే బీమ్‌లు. లేకపోతే కింద ట్రే ఉన్న ఫ్యాన్ కాయిల్ యూనిట్లు నయం.

హీట్ రికవరీ (బయటికి పోయే గాలి వేడినో చలినో లోపలికొచ్చే గాలికి ఇవ్వడం) గురించి మార్కెట్లో చెప్పే మాటలు చలి దేశాల లెక్కలు. అక్కడ బయట మైనస్ పది, లోపల ఇరవై రెండు, తేడా ముప్పై పైన. ఇక్కడ మే నెలలో కూడా తేడా పదిహేను, పదిహేడు డిగ్రీలే, అదీ మధ్యాహ్నాలు. ఎగ్జాస్ట్‌లో కాయిల్ పెడితే ఫ్యాన్ మీద భారం ఏడాదంతా ఉంటుంది. ఆ రెండూ బేరీజు వేసి చూడండి. హుడ్‌లది కాని జనరల్ ఎగ్జాస్ట్ గాలి మీద నీళ్లు చల్లి దాన్ని ఇంకా చల్లబరిచి, ఆ చల్లదనాన్ని కాయిల్ ద్వారా లోపలికొచ్చే గాలికి ఇస్తే మన వాతావరణంలో లెక్క గిట్టుబాటవుతుంది. రెండు గాలుల మధ్య వేడినీ తేమనూ మార్చే, తిరిగే ఎంథాల్పీ వీల్‌ను మాత్రం హుడ్ ఎగ్జాస్ట్‌కు పెట్టకండి, అటు గాలి ఇటు కొంత కలుస్తుంది. ఆఫీసు వైపుకు అది చక్కగా పనికొస్తుంది.

పక్కవాళ్లు పీల్చే గాలి

నగరం మధ్యలో కడుతున్నారు కాబట్టి ఇది. షామీర్‌పేట అవతల జీనోమ్ వ్యాలీలో అయితే చుట్టూ ఖాళీ ఉంటుంది. నాచారంలో మీ గోడ పక్కనే ఇంకో భవనం, రేపు అది మీకంటే రెండు అంతస్తులు ఎత్తు లేవొచ్చు. హుడ్ ఎగ్జాస్ట్ చిమ్నీ డాబా మీద కనీసం మూడు మీటర్లు లేవాలి, గాలి సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో పైకి చిమ్మాలి. చిమ్నీ మీద టోపీ పెట్టకూడదు, అది గాలిని కిందికి తోస్తుంది. వాన నీళ్లకు అడుగున డ్రెయిన్ ఇవ్వండి. అందం కోసం చిమ్నీల చుట్టూ ఎత్తు గోడ కడతామంటే ఒప్పుకోవద్దు. ఒక చోట అలా కట్టాక ఎగ్జాస్ట్ అంతా ఆ గోడల మధ్యే సుడి తిరిగి సొంత ఏహెచ్‌యూలోకే వచ్చింది. తాజా గాలి తీసుకునే చోటు ఎగ్జాస్ట్‌కు, డీజీ సెట్‌కు (డీజిల్ జనరేటర్), రోడ్డుకు ఎంత దూరమైతే అంత మంచిది. గాలి దిశ మీద ఒక స్టడీ చేయిస్తే అయ్యే ఖర్చు మొత్తంలో కనబడనంత చిన్నది.

అద్దాలు, గోడలు

దీని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లోనే, హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. అమెరికా బయట లీడ్ (అమెరికా గ్రీన్ రేటింగ్) ప్లాటినం పొందిన మొదటి భవనం అది. 2004 జూలైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. మధ్యలో ముంగిలి, డాబా మీద పచ్చిక, గాలి గోపురాలు. నాలుగు వైపులా అద్దాలు మాత్రం లేవు. మీ ఆర్కిటెక్టును ఒకసారి తీసుకెళ్లి చూపించండి. 2017 నాటి ఈసీబీసీ (భవనాల్లో కరెంటు పొదుపు కోడ్) ప్రకారం నేరుగా అనుమతి పొందే దారిలో గోడలో అద్దం నలభై శాతం మించకూడదు, ఉత్తరం వదిలేస్తే మిగతా దిక్కుల్లో అద్దం ఎండ వేడిని 0.27 వంతుకు మించి లోపలికి రానివ్వకూడదు. ముప్పై శాతం అద్దంతో, పడమర వైపు మెట్లు, షాఫ్టులు, టాయిలెట్లు పెట్టి కట్టండి. ల్యాబ్ గోడల్లో ఎలాగూ బల్లలు, అరలు ఉంటాయి. అద్దం వెనక సీసాలు పేర్చి, లోపల కర్టెన్ వేసుకునే ముచ్చట ఎందుకు?

మీ ఆఫీసు సగానికి రేడియంట్ కూలింగ్ ఆలోచించండి. ఇన్ఫోసిస్ పోచారం క్యాంపస్‌లో ఒకే భవనంలో సగానికి మామూలు ఏసీ, సగానికి శ్లాబులో చల్లటి నీళ్ల పైపుల పద్ధతి పెట్టి పక్కపక్కనే కొలిచారు. రేడియంట్ వైపు కరెంటు మూడో వంతు దాకా తగ్గింది, కట్టుబడి ఖర్చు మాత్రం పెరగలేదు. అది మనకు కూతవేటు దూరంలో ఉన్న సాక్ష్యం.

వీఆర్‌ఎఫ్ (ఒకే బయటి యూనిట్‌తో చాలా గదులకు గ్యాస్ పంపే ఏసీ) చవక అని ఆఫీసు వైపు పెట్టమంటారు. దాంట్లో మామూలుగా ఉండే ఆర్-410ఏ గ్యాస్ భూతాపం లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు రెండు వేల రెట్లు. మన దేశం కిగాలీ ఒప్పందం ప్రకారం 2028లో ఈ గ్యాసుల వాడకానికి గరిష్ఠ పరిమితి పెట్టి, 2032 నుంచి తగ్గించాలి. ఇరవై ఏళ్లు నడిచే సిస్టమ్ కొంటూ ఆ గ్యాసు రేపు ఏ ధరకు దొరుకుతుందో అడగకపోతే ఎలా?

కాంక్రీటు, సెల్లార్లు

రెండు సెల్లార్లన్నారు. నాచారంలో రెండు సెల్లార్లంటే చాలాచోట్ల రాయే. గ్రానైట్ పగలగొట్టడం, డీజిల్, లారీలు, రిటైనింగ్ గోడలు, ఆపై జీవితాంతం సెల్లార్ వెంటిలేషన్, నీళ్లు తోడే పంపులు. పార్కింగ్ నిబంధన ఎంత అడుగుతుందో అంతే కట్టండి. స్టిల్ట్, మెకానికల్ పార్కింగ్ కలిపి ఒక సెల్లార్‌తో సరిపెట్టొచ్చేమో గట్టిగా చూడండి. తవ్వక తప్పకపోతే ఆ రాయిని క్రషర్‌కు పంపి కంకర, రాక్ శాండ్‌గా వాడించండి.

టన్ను ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటు తయారీలో 0.8 నుంచి 0.9 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాని బదులు కొంత వాడదగ్గ రామగుండం, కొత్తగూడెం థర్మల్ ప్లాంట్ల బూడిద (ఫ్లై యాష్), ఉక్కు ఫ్యాక్టరీల స్లాగ్ మనకు దొరుకుతాయి. పునాదులకు, రిటైనింగ్ గోడలకు స్లాగ్ పాళ్లు ఎక్కువ పెట్టమనండి. వీటిలో బలం నెమ్మదిగా వస్తుంది, కాబట్టి పునాదుల వరకు 28 రోజులకు బదులు 56 రోజుల బలం మీద మిక్స్ డిజైన్ చేస్తే స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకుంటారు. శ్లాబులకు మాత్రం షట్టరింగ్ తీసే రోజులు పెరుగుతాయని కాంట్రాక్టరు గొణుగుతాడు, అతని బాధలో న్యాయం ఉంది. ఏప్రిల్, మే ఎండల్లో క్యూరింగ్ సరిగా చేయకపోతే ఈ కాంక్రీటు ఓపీసీ కంటే ఎక్కువ దెబ్బతింటుంది.

లోపల స్టీలు కేబుళ్లు లాగి బిగించే పోస్ట్ టెన్షన్ శ్లాబులతో కాంక్రీటు, స్టీలు ఆదా అవుతాయి, కానీ ల్యాబుల్లో ప్రతి రెండేళ్లకూ ఎవరో ఒకరు కొత్త పైపు కోసం శ్లాబుకు రంధ్రం వేస్తారు. కేబుల్ తెగితే పెద్ద ప్రమాదం. పోస్ట్ టెన్షన్ ఆఫీసు వైపు వాడండి, ల్యాబ్ వైపు మామూలు శ్లాబు. ల్యాబ్ వైపు స్పాన్‌లు మరీ పెంచొద్దు, వైబ్రేషన్ సమస్య వస్తుంది. మెయిన్ రోడ్డు లారీల అదురు మైక్రోస్కోపులకు తెలుస్తుంది. స్తంభాల మధ్య దూరం 6.6 మీటర్లు పెడితే 3.3 మీటర్ల ల్యాబ్ మాడ్యూళ్లు రెండు పడతాయి, బల్లలు ఎప్పుడైనా జరుపుకోవచ్చు.

కలపతో కట్టొచ్చా అని మీ ప్రశ్న కింద కామెంట్లో ఒకరు అడిగారు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం కార్బన్ న్యూట్రల్ ల్యాబ్ కలపతోనే కట్టింది. 2014లో కడుతుండగా కాలిపోయింది, మళ్లీ కట్టి 2017లో తెరిచారు. చెదలు, వానాకాలం, కలప సరఫరా, ఫైర్ అనుమతి అన్నీ చూస్తే మనకిప్పుడు అది ఆచరణలో లేని మాట.

నీళ్లు, వ్యర్థాలు

మన నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి తెస్తారు. కుళాయి తిప్పితే కరెంటు తిప్పినట్టే. వానాకాలంలో మీ ఏహెచ్‌యూలు గాలిలోంచి పిండే నీళ్లు చాలా శుభ్రంగా ఉంటాయి, సగం భవనాల్లో అవి డ్రైనేజీలోకి పోతాయి. వాటిని కూలింగ్ టవర్‌కు పంపండి. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు (రిజెక్ట్) టాయిలెట్ ఫ్లష్‌కు సరిపోతుంది. కుళాయి నీళ్లతో వాక్యూమ్ తీసే యాస్పిరేటర్లు పెట్టకుండా వాక్యూమ్ పంపులు పెట్టండి.

ల్యాబ్ సింకులకు, టాయిలెట్లకు పైపులు మొదటి నుంచీ వేరుగా ఉండాలి. ల్యాబ్ నీళ్లు ఎస్టీపీలోకి (మురుగునీటి శుద్ధి ప్లాంటు) పోతే అక్కడి సూక్ష్మజీవులు చస్తాయి, ఆ నీళ్లు చెట్లకు పోస్తే చెట్లు చస్తాయి. సాల్వెంట్ వ్యర్థాలు డ్రమ్ముల్లోకే పోవాలి, సింకులోకి చుక్క కూడా వద్దు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగుకు ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఏమైందో మన దగ్గర అందరికీ తెలుసు. బయాలజీ వ్యర్థాలకు 2016 నాటి బయోమెడికల్ నిబంధనలు వర్తిస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి డ్రాయింగులు ఖరారు కాకముందే అడగండి, తర్వాత అడిగితే పైపులు మళ్లీ వేయాల్సి వస్తుంది.

ప్లగ్ లోడు (ప్లగ్‌కు తగిలించే మిషన్లది), చిల్లర్ సైజు

మైనస్ 80 ఫ్రీజర్లు పాతవి రోజుకు ఇరవై యూనిట్ల దాకా తింటాయి, కొత్త హైడ్రోకార్బన్ గ్యాస్ మోడళ్లు అందులో సగంతో నడుస్తాయి. మైనస్ 70కి మారిస్తే ఇంకో పాతిక, ముప్పై శాతం తగ్గుతుంది. చాలా శాంపిళ్లకు ఆ చలి సరిపోతుంది, మీ బయాలజీ వాళ్లే చెప్పాలి. ఫ్రీజర్లన్నీ ఒకే గదిలో పెట్టి ఆ గదికి విడిగా కూలింగ్ ఇవ్వండి.

డిజైన్ వాళ్లు ప్రతి మిషన్ నేమ్ ప్లేటు మీద ఉన్న కిలోవాట్లు కలిపేసి, దాని మీద ఇరవై శాతం భద్రతకు, ఇంకో ఇరవై శాతం భవిష్యత్తుకు అని కలుపుతారు. ఫలితంగా పెద్ద చిల్లర్ ఏడాదంతా పాతిక శాతం లోడులో నడుస్తుంది. మీ పాత ల్యాబులో ప్యానెల్ దగ్గర ఒక నెల మీటర్ పెట్టి కొలవండి. ఆ అంకె డిజైన్ టీమ్ చేతిలో పెడితే చిల్లర్, ట్రాన్స్‌ఫార్మర్, డీజీ సెట్ మూడూ చిన్నవవుతాయి. గ్రీన్ బడ్జెట్ పరిమితం అన్నారే, కావాల్సిన డబ్బు చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది. రెండు పెద్ద చిల్లర్ల బదులు మూడు చిన్నవి, అందులో ఒకటి రాత్రి లోడుకు సరిపోయే సైజు.

రేటింగ్ విషయానికొస్తే, తెచ్చుకోండి. లీడ్, లేదా మన దేశపు ఐజీబీసీ, గృహ (GRIHA) రేటింగ్‌ల్లో ఏదైనా సరే, టీమ్‌కు ఒక క్రమశిక్షణ వస్తుంది. కానీ సైకిల్ స్టాండుకు వచ్చే పాయింటూ, హుడ్ కంట్రోలుకు వచ్చే పాయింటూ లెక్కలో ఒకటే. పాయింట్ల వేటలో పడి గాలి లెక్క మర్చిపోవద్దు. పైగా మీ సైజు భవనానికి ఈసీబీసీ పాటించడం ఎలాగూ తప్పనిసరి.

ఆర్కిటెక్టుకు ఎలివేషన్ ఓకే చెప్పే ముందు నాలుగు కాగితాలు అడగండి: గదివారీగా ఎవరికి ఎంత గాలి అన్న పట్టిక, హుడ్‌ల జాబితా ఏ రియాక్షన్‌కు ఏదో రాసి, పగలు, రాత్రి వేర్వేరుగా కరెంటు అంచనా, షాఫ్టులు, చిమ్నీలు చూపించే సెక్షన్. కాంట్రాక్టులో కమిషనింగ్‌కు (బిగించాక అన్నీ సరిగా నడుస్తున్నాయో పరీక్షించడం) విడిగా డబ్బు, విడిగా మనిషి ఉండాలి. ఏసీ కాంట్రాక్టరే తన పని తానే పరీక్షించుకుంటే పరీక్ష జరగనట్టే. చివరి బిల్లులో కొంత ఒక వేసవి, ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచండి.

మీ హుడ్‌ల సంఖ్య, ల్యాబ్ గదుల విస్తీర్ణం, ఇప్పటి పాత ల్యాబ్ కరెంటు బిల్లులు ఒక ఏడాదివి ఇక్కడ పెడితే చిల్లర్ ఎంత ఉండాలో సుమారుగా చెప్పగలను. ప్లాను ఫొటో పెట్టేటట్లయితే కంపెనీ పేరు చెరిపేసి పెట్టండి.